బోర్డు వెలిసిపోయిన టైర్ల షాపు

షాపు పేరు రాద్దామంటే బోర్డు మీద పేరే లేదు. ఒకప్పుడు ఉండేదట. ఎండకు వెలిసి వెలిసి ఇప్పుడు "టైర్స్, అలైన్‌మెంట్" అన్న రెండు ముక్కలే మిగిలాయి. హైదరాబాద్‌లో బోడుప్పల్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగి వాటర్ ట్యాంకు దాటాక, కొబ్బరిబోండాల బండి పక్కన రెండు షట్టర్లు కనిపిస్తాయి. ఒకదాంట్లో టైర్లు విప్పే మిషన్, రెండోదాంట్లో పాత టైర్ల గుట్ట, గుట్ట మీద ఒక బూడిదరంగు పిల్లి. పిల్లి ఉంటే షాపు తెరిచినట్టే.

కారు చక్రాలు మార్చాక మీటర్ బోర్డులో గాలి లైటు వెలిగి ఆరక, అడిగిన ప్రతివాడి చేతా "ఏం కాదు, అదే పోతది" అనిపించుకుని తిరుగుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను అలా పంతొమ్మిది రోజులు తిరిగాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. తార్నాకలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున ఆరింటికల్లా పరగడుపు శాంపిళ్ళ కోసం జనం లైన్లో ఉంటారు కాబట్టి అయిదుంపావుకే బండి తీస్తాను. మా ఇంట్లో డ్రైవింగ్ నాదే. మా ఆయన ఎప్పుడూ స్టీరింగ్ పట్టలేదు గానీ, పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతుంటాడు. ఈ ముక్క ఎందుకంటే, ఏ షాపుకి వెళ్ళినా అందరూ ఆయనతోనే మాట్లాడతారు. ఆయన నా వైపు చూస్తాడు. వాళ్ళు మళ్ళీ ఆయన వైపే చూస్తారు.

పోయిన నవంబరు చివర్లో, ఏళ్ళ తరబడి కడుతూనే ఉన్న ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ కింద నీళ్ళు నిండిన గుంటలో ఎడమ వైపు చక్రాలు రెండూ ఒకదాని వెనక ఒకటి దిగాయి. చీకట్లో గుంట కనపడలేదు. చూస్తే రెండు రిమ్ములూ అంచుల దగ్గర సొట్టపడ్డాయి. కొత్తవి కంపెనీలో కొంటే ఒక్కోదాని ధరకే గుండె జారేలా ఉంది. డిసెంబరు మధ్యలో ఎవరో రాణిగంజ్ వెళ్ళమన్నారు. పెద్ద అలాయ్‌లు వేయించుకునేవాళ్ళు వదిలేసి పోయిన కంపెనీ చక్రాలు అక్కడ సెట్లు సెట్లుగా దొరుకుతాయి. నా మోడల్‌వే, 16 అంగుళాలవే, టైర్లతో సహా నాలుగు చక్రాలు 26 వేలకు మాట్లాడుకున్నాను. నా పాత నాలుగూ వాళ్ళే మూడు వేలకు ఎక్స్ఛేంజ్‌లో తీసుకున్నారు. అక్కడే నేనొక తప్పు చేశాను, కానీ ఆ సంగతి నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది.

షాపు పేరు చెప్పను. చక్రాలు బాగానే బిగించారు. బండి తీసి ప్యారడైజ్ చేరేలోపే మీటర్ బోర్డులో పసుపు లైటు మిణుకుమిణుకుమనడం మొదలెట్టింది. గుర్రపునాడా ఆకారం, మధ్యలో ఆశ్చర్యార్థకం. కాసేపు మిణికి, తర్వాత ఆగకుండా వెలిగింది. ఫోన్ చేశాను. "ఇరవై కిలోమీటర్లు తోలండి మేడం, అదే పోతది." తోలాను. పోలేదు. మళ్ళీ చేస్తే "బ్యాటరీ మైనస్ వైరు పది నిమిషాలు తీసి పెట్టండి" అన్నారు. పక్కింటి కుర్రాడి చేత తీయించాను. గడియారం పన్నెండుకి పోయింది, రేడియో స్టేషన్లన్నీ మాయమయ్యాయి, లైటు మాత్రం స్టార్ట్ చేయగానే పలకరించింది.

మొదటిది పూర్తిగా అబద్ధం కాదని తర్వాత తెలిసింది. చక్రం లోపల గాలి ఎంతుందో చూసి బండికి చెప్పే చిన్న సెన్సార్లు ఉంటాయి. కొన్ని బండ్లు కొత్త సెన్సార్లను కాసేపు నడిస్తే వాటంతట అవే పట్టుకుంటాయి. నాది ఆ రకం కాదు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. ఏసీ హాలు, కాఫీ మిషన్, టై కట్టుకున్న అబ్బాయి. చక్రాల దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. కంప్యూటర్‌లోనే చూసి నాలుగు సెన్సార్లూ కొత్తవి వేయాలని ఎస్టిమేట్ ఇచ్చాడు: ఒక్కోటి 4,150, కూలి 1,800, మొత్తం 18,400. "ఇప్పుడున్న వాటికి ఏమైంది బాబూ?" అంటే "సిస్టమ్‌లో చూపించట్లేదు మేడం" అన్నాడు. మా ల్యాబ్‌లో అయితే రక్తం తీయకుండా రిపోర్టు ఇచ్చినట్టు. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

బోడుప్పల్ షాపు సంగతి చెప్పింది మా వీధిలో స్కూలు వ్యాను నడిపే ఆయన. జనవరి మొదటి ఆదివారం వెళ్ళాను. పండక్కి సూర్యాపేట పోవాలి, లైటు వేసుకుని హైవే ఎక్కే ధైర్యం లేదు.

ఓనర్‌కి ముప్ఫై అయిదుంటాయేమో. చేతులు మోచేతుల దాకా నల్లగా, నిక్కరు జేబులో సుద్దముక్క. నన్ను చూశాడు, ఖాళీగా ఉన్న పక్క సీటు చూశాడు, "సార్ రాలేదా అక్కా?" అన్నాడు. మార్కులు అక్కడే తగ్గించాను. కానీ వెంటనే అడిగిన ప్రశ్నకి మళ్ళీ కలిపాను: "లైటు ముందు మిణుకుతుందా, సీదా వెలుగుతుందా?"

టైమర్ పెట్టి చూశానని చెప్పాను. మాకు అన్నిటికీ టైమర్ అలవాటు. స్టార్ట్ చేశాక 70 సెకన్లు మిణికి తర్వాత నిలకడగా వెలుగుతోంది. "అయితే గాలి తక్కువైతలేదక్కా, బండికి చక్రాలు కనవడుతలెవ్వు" అన్నాడు. సీదాగా వెలిగితే ఏదో టైరులో గాలి తగ్గిందని, నిమిషం పైన మిణికి ఆగితే వ్యవస్థలోనే తేడా ఉందని అర్థమట. పంతొమ్మిది రోజుల్లో నాకు ఈ ఒక్క ముక్క చెప్పినవాడు ఇతనే.

లోపల్నుంచి ఒక పరికరం తెచ్చాడు. పాతకాలపు నోకియా ఫోన్‌ని రెండింతలు చేసినట్టుంది, ఆటెల్ కంపెనీది, చుట్టూ రబ్బరు తొడుగు. దాన్ని ముందు ఎడమ టైరుకి వాల్వ్ పక్కన ఆనించి బటన్ నొక్కాడు. లోపల నిద్రపోతున్న సెన్సార్‌ని ఇది 125 కిలోహెర్ట్‌జ్ తరంగంతో తట్టి లేపితే, అది 433 మెగాహెర్ట్‌జ్ మీద జవాబిస్తుంది. బీప్ అంది. తెర మీద నాలుగు ముక్కలు వచ్చాయి: ఒక పొడుగాటి ఐడీ నంబరు, గాలి 38 పీఎస్ఐ, వేడి 31 డిగ్రీలు, బ్యాటరీ ఓకే.

ఆ ఐడీ నంబరు చూశాక నాకు మొత్తం కథ ఒక్కసారిగా అర్థమైంది. ఇది మా పనే. ప్రతి రక్తం ట్యూబుకీ ఒక బార్‌కోడ్ ఉంటుంది, మిషన్‌కి ఆ బార్‌కోడే మనిషి. ప్రతి చక్రంలోని సెన్సార్‌కీ అలాంటి నంబరు ఒకటి, లోకంలో ఇంకోదానికి లేనిది. బండి తన నాలుగు నంబర్లు రాసిపెట్టుకుని వాటి కోసమే చెవి ఒగ్గి ఉంటుంది. నేను వేరే బండి చక్రాలు తగిలిస్తే, అవి ఎంత గట్టిగా అరిచినా దానికి పరాయి వాళ్ళే. మరి నా నంబర్లు? నా పాత చక్రాల్లో. ఆ చక్రాలు మూడు వేలకు నేనే అమ్మేసిన చక్రాలు. రిమ్ములు వంగాయి గానీ లోపల నాలుగు సెన్సార్లూ బాగానే ఉన్నాయి. విప్పి కొత్త చక్రాల్లో పెట్టమంటే సరిపోయేది. అడగాలని నాకు తెలియదు, చెప్పాలని వాళ్ళకి అనిపించలేదు.

నా మొహం చూసి "ఫికర్ చెయ్యకు అక్కా, మీయి గూడ అయిదేండ్ల ముసలియే" అన్నాడు. సెన్సార్ లోపలి బ్యాటరీని జిగురు పోసి మూసేస్తారట, మార్చే వీలుండదు. అయిదేళ్ళ నుంచి పదేళ్ళ దాకా ఎప్పుడైనా పోవచ్చు. కొంత ఊరట, కొంతే.

మిగతా మూడు చక్రాలూ చదివాడు. ముందు కుడిది పలికింది. వెనక ఎడమది పలికింది గానీ బ్యాటరీ బలహీనమని చూపించింది. వెనక కుడిది ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. వంగి వాల్వ్ చూపించాడు. మిగతా మూడింటికీ లోహపు కాడ, కింద చిన్న నట్టు. దీనికి మామూలు నల్ల రబ్బరు. "నాలుగూ ఒకే బండివి" అని రాణిగంజ్‌లో చెప్పిన మాట అక్కడ తేలిపోయింది. రబ్బరు కాడ సెన్సార్లు కూడా ఉంటాయని, విప్పి చూడందే తేల్చలేమని అన్నాడు.

విప్పడం చూడాల్సిన పని. చక్రాన్ని మిషన్ పక్కన నిలబెట్టే ముందు వాల్వ్ ఉన్న చోట టైరు మీద సుద్దతో తెల్ల గీత గీశాడు. మిషన్‌కి ఒక ఇనుప రేకు ఉంటుంది, టైరు అంచుని నొక్కి రిమ్ము నుంచి విడదీయడానికి. ఆ రేకు వాల్వ్ దగ్గర దిగితే లోపలి సెన్సార్ పెంకు పగిలినట్టు పగులుతుంది. గీతని రేకుకి దూరంగా తిప్పి, ఒకసారి కళ్ళతో కొలుచుకుని, అప్పుడు పెడల్ తొక్కాడు. లోపల సెన్సార్ ఉందో లేదో తెలియని చక్రానికి కూడా ఇంత జాగ్రత్త. టైరు 'టప్' మని జారింది. లోపల ఏమీ లేదు, వాల్వ్ పక్కన రిమ్ము మీద పాత గీరుడు మచ్చ తప్ప. ఎక్కడో పంక్చర్ వేస్తూ ఎవడో పగలగొట్టి, తీసేసి, రబ్బరు వాల్వ్ బిగించి పంపేశాడన్నమాట.

కొత్త సెన్సార్ ఒకటి వేశాడు, 2,400. నల్లటి ప్లాస్టిక్ డబ్బీ, అరచేతిలో పెడితే నిమ్మకాయంత కూడా లేదు. ఇది ఖాళీ పలక లాంటిదట. ఏ బండికి కావాలంటే ఆ బండి భాష పరికరంతో రాసి పెడతారు. పాత సెన్సార్ నంబరు తెలిసి ఉంటే దాన్నే ఇందులో దింపొచ్చు కూడా, అప్పుడు బండికి మార్పిడి జరిగిన సంగతే తెలియదు. నా పాత నంబర్లు రాణిగంజ్‌లో ఉన్నాయి కాబట్టి ఆ దారి లేదు. బ్యాలెన్సింగ్ మళ్ళీ చేసి, స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి వైరు తగిలించి నాలుగు నంబర్లూ బండికి రాశాడు. స్టార్ట్ చేస్తే లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. పిల్లి కూడా లేచి చూసింది.

అక్కడితో అయిపోయిందనుకుని పాన తుడుచుకుంటున్నాడు. నేను ఊరుకోలేదు. మా దగ్గర మిషన్ సర్వీసింగ్ అయ్యాక ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ నడపకుండా పేషెంటు రక్తం పెట్టం. "వెనక ఎడమ దాంట్లో అయిదు పాయింట్లు గాలి తీసి ఒక రౌండ్ తిరిగొద్దాం తమ్ముడూ" అన్నాను. "అవసరం లేదక్కా, లైటు పోయింది గద" అన్నాడు, గొంతులో విసుగు. పట్టుబట్టాను. అప్పటికి నాలుగింట్లోనూ 33 ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో వెనక ఎడమ దాంట్లో గాలి తీశాడు. ఇద్దరం ఎక్కి వాటర్ ట్యాంకు చుట్టూ తిరిగొచ్చాం. తెర మీద వెనక ఎడమ 33 అంది. వెనక కుడి 28.

రెండూ తారుమారు. వెనక కుడి వైపు గోడ అడ్డముందని రెండోసారి చదివేటప్పుడు అటు నుంచి తిరిగి వచ్చాడు, వరస మారిపోయింది. పేర్లు తారుమారైన రెండు ట్యూబులు. అతను ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "మీరు ఏం పని చేస్తరక్కా?" అన్నాడు. చెప్పాను. మళ్ళీ మొదట్నుంచి చదివి రాశాడు, మళ్ళీ గాలి తీశాడు, మళ్ళీ తిరిగొచ్చాం. ఈసారి నేను అడగలేదు.

గాలి సంగతి కూడా రాయాలి. 38 కొట్టి పంపారు రాణిగంజ్‌లో. డ్రైవర్ డోర్ తెరిస్తే స్తంభం మీద ఉండే స్టిక్కర్‌లో నా బండికి 33 అని ఉంది, అది కూడా చల్లగా ఉన్నప్పటి లెక్క. అయిదారు డిగ్రీల వేడికి దాదాపు ఒక పాయింటు పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండలో 33 కొట్టించుకున్నవాడికి జనవరి తెల్లవారుజామున 30 కనిపిస్తే టైరు తప్పు కాదు. అందుకే, ఆ రౌండ్‌కి ముందే, చక్రాలు నీడలో చల్లారే దాకా నన్ను కూర్చోబెట్టి అప్పుడు గాలి సరిచేశాడు. గోడ మీద "నైట్రోజన్ 50" అని బోర్డు ఉంది. గాలిలో 78 శాతం నైట్రోజనే కదా అంటే, "అడిగినోళ్ళకు కొడతా అక్కా, అడగనోళ్ళకు చెప్ప" అన్నాడు. ఈ జవాబు నాకు నచ్చింది.

ఇంకో మాట కూడా నచ్చింది. బలహీనంగా ఉన్న వెనక ఎడమ సెన్సార్‌ని మార్చమంటే మార్చలేదు. "పోయిననాడు మారుద్దాం, ఇప్పుడెందుకు రెండు వేలు?" అన్నాడు. కొత్త సెన్సార్ 2,400, టైరు విప్పి వేసి బ్యాలెన్సింగ్ 300, నాలుగూ చదివి నేర్పించినందుకు 800. మొత్తం 3,500. బ్యాగులో ఉన్న 18,400 కాగితం మీద మా మనవరాలు ఇప్పుడు బొమ్మలు వేస్తోంది.

అన్నీ బాగున్నాయని కాదు. గంటలో అయిపోతుందన్నది మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది, మధ్యలో నా బండి జాకీ మీద ఉండగానే ఎవరిదో ఆటో పంక్చర్ అందుకున్నాడు. కూర్చోడానికి లారీ టైరే దిక్కు. ఆడవాళ్ళకి బాత్‌రూమ్ లేదు, బోండాల బండి ఆవిడ తన ఇంటికి తీసుకెళ్ళింది, ఆవిడకి వంద నమస్కారాలు. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చాడు, సెన్సార్‌కి వారంటీ అన్నది కూడా ఆ కార్డు మీది అక్షరాలే. ఫోన్ ఎత్తడు. వీల్ నట్లు చేత్తోనే బిగించాడు, బిగువు కొలిచి బిగించే టార్క్ పాన ఉంది గానీ దుమ్ము పట్టి గోడకి వేలాడుతోంది. అడిగితే తీశాడు. అడగాల్సి వచ్చింది.

మా ల్యాబ్‌లో రక్తం తీసే చెల్లెలికి కూడా చక్రాలు మార్చాక ఇదే లైటు వచ్చింది. పంపుదామని ఫోన్ చేస్తే (ఆ రోజు ఎత్తాడు) మోడల్ అడిగి, రావద్దన్నాడు. ఆ బండి చక్రాల్లో సెన్సార్లే లేవట. గాలి తగ్గిన టైరు కాస్త చిన్నదై మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) కోసం చక్రాల వేగం కొలిచే సెన్సార్లతోనే ఆ బండి తేడా పట్టుకుంటుంది. ముందు నాలుగింటికీ సరిగ్గా గాలి కొట్టించి, ఆ తర్వాత మెనూలో రీసెట్ నొక్కితే చాలు. గాలి తక్కువగా ఉన్నప్పుడు నొక్కితే ఆ తక్కువనే సరైనదని నేర్చుకుంటుంది, అది మాత్రం జాగ్రత్త అన్నాడు. పైసా తీసుకోలేదు. ఆమె బండికి స్టెప్నీ కూడా లేదు. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్, ఈ గాలి చూసే వ్యవస్థ ఉంటే స్టెప్నీ అక్కర్లేదని 2020 జులైలో కేంద్రం నిబంధన మార్చింది. అలాంటి బండిలో ఈ లైటుని పట్టించుకోకుండా తిరగడం నావల్ల కాదు.

సంక్రాంతికి వెళ్ళేటప్పుడు పంతంగి టోల్ దగ్గర గంటన్నర నిలబడ్డాం గానీ లైటు రాలేదు. కనుమ మర్నాడు తిరిగొస్తుంటే నకిరేకల్ దాటాక వెనక ఎడమ 31 అంది, కాసేపటికి 29. లైటు ఇంకా రాలేదు. లైటు వచ్చేదాకా ఆగొద్దని అతను ముందే చెప్పాడు. అమెరికాలో నిబంధన ప్రకారమే 25 శాతం తగ్గాక లైటు వస్తే చాలట, 33కి ఆ లెక్క వేస్తే 25 దగ్గర. నార్కట్‌పల్లిలో పెట్రోల్ బంక్‌లో ఆపాను. మా ఆయన తన వైపు దిగి, తన వెనకే ఉన్న చక్రానికి చెవి పెట్టి, "బుస్సుమంటోందే" అన్నాడు. రెండంగుళాల స్క్రూ.

బోడుప్పల్ వచ్చాక అతని దగ్గరే ప్యాచ్ వేయించాను, 150. ఈసారీ సుద్ద గీత గీశాడు, వరస తనే గట్టిగా చదివాడు, నా వైపు చూస్తూ.

ఒక్క బాకీ మిగిలింది. మొదటిసారి నా చక్రాలకున్న మెరిసే స్టీలు మూతలు తీసేశాడు. లోహపు వాల్వ్ మీద లోహపు మూత పెడితే తుప్పు పట్టి అతుక్కుపోతుంది, తీయబోతే వాల్వ్ కాడే విరుగుతుంది, ప్లాస్టిక్‌వి వేయాలన్నాడు. నల్ల మూతలు మూడే దొరికాయి, నాలుగోది రేపిస్తానన్నాడు. ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాను. వెనక కుడి వాల్వ్ ఇంకా బోడిగానే ఉంది.